కొండబాబు సగం క్రాపు

సాలూరులో సింహాచలం అనే లారీ డ్రైవరుకి ఒక బిరుదు ఉంది. టైర్ల సింహాచలం. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఎక్కడో ఒకచోట బండి పక్కన ఆపి, ఇనుప రాడ్డు పట్టుకుని అన్ని టైర్లూ కొట్టి చూసుకుంటేగాని ముందుకు కదలడని డ్రైవర్లందరూ చెప్పుకుంటారు. అంత జాగ్రత్త గల మనిషని మెచ్చి ఓనరు ఒక గోడ గడియారం కూడా బహుమానంగా ఇచ్చాడు. కొరాపుట్ మీదుగా రాయపూర్ వెళ్లి వచ్చే బండి ఆయనది. నెలలో ఇంట్లో ఉండే రోజులు తక్కువ.

ఆయన లేని రోజుల్లో ఇంట్లో ముగ్గురు ఉంటారు. తల్లి జగ్గమ్మ, భార్య పైడితల్లి, కొడుకు కొండబాబు. నేను చెప్పబోయేది ఈ కొండబాబు గురించి.

కొండబాబు ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా జరిగిందిది. అప్పటికి వాడు గుమ్మం తగిలేంత పొడుగు. నోరు ఊరుకునేది కాదు. లారీ హారన్లన్నీ నోటితో మోగించేవాడు. వీధి చివర ఏ బండి మలుపు తిరిగినా అది ఎవరిదో, డ్రైవరు ఏ మూడ్‌లో ఉన్నాడో హారన్ విని చెప్పేవాడు. కాలేజీలో ఫిజిక్స్ మేష్టారు వరండాలో దగ్గితే, అదే దగ్గు క్లాసు లోపలినుంచి వినబడేది. భయం అనేది వాడి ఒంట్లో లేదని మా వీధి మొత్తానికి నమ్మకం. వాళ్ల పక్కింటి సుభద్రమ్మ గారి వంటింట్లోకి జెర్రిపోతు దూరితే, తోక పట్టుకుని బయటికి లాగి, కాలవ దాకా నడిపించి వదిలి వచ్చినవాడు మరి.

అలాంటివాడు ఒక ఆదివారం పొద్దున్న గౌరీసు సెలూన్‌లో క్రాపు చేయించుకుంటున్నాడు. మెడ చుట్టూ తెల్ల గుడ్డ కట్టి, గౌరీసు కుడివైపు పూర్తి చేశాడు. చేస్తూ చేస్తూ తన బావమరిది పెళ్లిలో సాంబారు చాలక ఎంత గొడవైందో చెబుతున్నాడు. గొడవ మంచి పట్టులో ఉంది. కొండబాబు నవ్వుతున్నాడు కూడా.

ఉన్నట్టుండి వాడి గుండె ఒక్క గెంతు గెంతింది. తర్వాత ఇక ఆగలేదు, ఘాటీలో బ్రేకులు ఫెయిలైన బండిలా పోతూనే ఉంది. అరచేతులు తిమ్మిరెక్కాయి. గాలి లోపలికి వెళ్తోంది కాని సరిపోవడం లేదు. అద్దంలో కనబడుతున్న మనిషి ఎవరో పరాయివాడిలా అనిపించాడు. గౌరీసు మాటలు నూతిలోంచి వస్తున్నట్టున్నాయి. తాను ఈ కుర్చీలోనే, ఈ నిమిషంలోనే చచ్చిపోతున్నానని వాడికి అనుమానం కాదు, రూఢిగా తెలిసిపోయింది.

లేచి పరిగెత్తాడు.

మెడకి గుడ్డ కట్టే ఉంది, అది వెనక తెరచాపలా ఎగురుతోంది. తలకి కుడివైపు క్రాపు, ఎడమవైపు అడవి. బజారు దాటాడు, లారీలు కడుగుతున్న చోటు దాటాడు. క్లీనర్లు నీళ్ల పైపులు వదిలేసి, వెనకాల ఎవరు తరుముతున్నారా అని చూశారు. ఎవరూ లేరు. దాంతో వాళ్లకి ఇంకా ఆశ్చర్యమైంది.

ఇంటి అరుగు మీద జగ్గమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది. కొండబాబు వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు.

"నాన్నమ్మా, సచ్చిపోతన్నాను."

జగ్గమ్మ వాడిని ఎగాదిగా చూసింది. "సచ్చిపోయేవోడివి బజారు కాడినుంచి ఇంత పరుగు ఏలగ పెట్టావురా?" అంది. అంటూనే చింతపండు చేతులు చీరకి తుడుచుకుని, వాడి తల ఒళ్లో పెట్టుకుని, వీపు నిమరడం మొదలుపెట్టింది. కాసేపటికి గుండె దానంతటదే నెమ్మదించింది. ఒళ్లంతా చెమట, కాళ్లలో వణుకు, అంతే. చావు వచ్చినట్టే వచ్చి, అడ్రసు తప్పయిందని వెళ్లిపోయినట్టుంది.

ఇంతలో గౌరీసు ఒక చేత్తో దువ్వెన, రెండో చేత్తో గోలీసోడా పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. తన కత్తెర ఎక్కడైనా గుచ్చుకుందేమోనని వాడి చెవులు రెండూ తిప్పి తిప్పి చూశాడు. చెవులు క్షేమంగా ఉన్నాయి. మిగతా సగం ఇక్కడే అరుగు మీద పూర్తి చేస్తానన్నాడు. కత్తెర పేరు ఎత్తగానే కొండబాబు ఇంట్లోకి వెళ్లి తలుపేసుకున్నాడు. గౌరీసు గుడ్డ మాత్రం తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు వాడు టోపీ పెట్టుకుని కాలేజీకి వెళ్లాడు. ఫిజిక్స్ మేష్టారు టోపీ తీయమన్నారు. తీశాడు. క్లాసు గొల్లుమంది. ఇదేమిటని మేష్టారు అడిగితే, ఇంట్లో సగం డబ్బులే ఇచ్చారు సార్ అని చెప్పాడు. నవ్వించాడు గాని, ఆ పూటంతా తలుపు దగ్గర బెంచీలోనే కూర్చున్నాడు. వారం తిరక్కుండా ఫస్టియర్ కుర్రాళ్లు కొందరు గౌరీసు దగ్గరికి వెళ్లి, కొండబాబు అన్నకి చేసినట్టు చేయమని అడిగారట. గౌరీసు ఏడవలేక నవ్వాడు.

ఎడమవైపు అడవిని పైడితల్లి బట్టలు కత్తిరించే కత్తెరతో దారికి తెచ్చింది. అది క్రాపు అని చెప్పడానికి లేదు, కాదని చెప్పి ఆవిడని బాధపెట్టడానికీ లేదు.

ఒక్కసారితో పోతే ఇది కథే కాదు. అది మళ్లీ వచ్చింది. బొబ్బిలి వెళ్తుంటే బస్సులో వచ్చింది. రామభద్రపురం చేరకముందే బస్సు ఆపించి దిగిపోయాడు. కెమిస్ట్రీ ల్యాబులో వచ్చింది. చివరికి ఇంట్లో, మంచం మీద పడుకుని క్రికెట్ చూస్తుండగా, మనవాళ్లు గెలుస్తుండగా వచ్చింది. ఓడిపోతుంటే వచ్చినా ఒక అర్థం ఉండేదని తర్వాత వాడే అనేవాడు.

ఫోన్‌లో వెతికాడు. ఫోన్ వాడికి గుండెపోటుతో మొదలుపెట్టి, పేర్లు పలకడం కూడా రాని రోగాల దాకా అన్నీ ఉండవచ్చని చెప్పింది. వాటిలో ఒకటి గర్భిణీ స్త్రీలకే వస్తుందని చివర్లో తెలిసి కొంచెం తెరిపిన పడ్డాడు.

పైడితల్లి వాడిని వీధి చివర ఆరెంపీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన లెక్కలో లోకంలో ఉన్న జబ్బులన్నీ గ్యాసుకి పుట్టిన పిల్లలే. పచ్చ సిరప్పు ఒకటి ఇచ్చి, శనగపప్పు మానమన్నాడు. మేనమామ ఫోన్‌లోనే తేల్చేశాడు, ఇది ప్రేమ అని. ఆ అమ్మాయి ఎవరని పైడితల్లి కొడుకుని అడిగింది. అలాంటి అమ్మాయి ఎవరూ లేనందుకు వాడికి కొత్తగా ఇంకో దిగులు పట్టుకుంది.

జగ్గమ్మ మాత్రం ఇది దిష్టేనంది. గుప్పెడు ఎండుమిరపకాయలు, ఉప్పు వాడి చుట్టూ తిప్పి కుంపట్లో పోసింది. గట్టి దిష్టి ఉంటే మిరపకాయల ఘాటు రాదని ఆమె నమ్మకం. ఘాటు రావడమా, అటు సుభద్రమ్మ ఇంట్లో, ఇటు మా ఇంట్లో ఒకటే దగ్గులు. రోడ్డు మీద సైకిల్ మీద పోయేవాడు కూడా దిగి తుమ్మాడు. దిష్టి లేదని తేలిపోయినందుకు జగ్గమ్మ ముఖం చిన్నబోయింది.

తర్వాత ఊళ్లోనే ఒక క్లినిక్‌లో ఈసీజీ తీయించారు. ఆ డాక్టరు కాగితం చూసి, ఇంత బాగున్న గుండె ఈ మధ్య చూడలేదన్నాడు. కొండబాబుకి సంతోషం కలగాలి, కలగలేదు. గుండె బాగుంటే మరి తనని చంపుతున్నదెవరు? ఆ మాటే అడిగాడు. డాక్టరు, విజయనగరంలో శ్రీలలిత గారని మానసిక వైద్యురాలు ఉన్నారు, ఒకసారి చూపించండి అన్నాడు. పైడితల్లి విననట్టే లేచి కొంగు సర్దుకుంది. దారిలో కొడుకుతో, ఆ మాట ఇంటి దగ్గర ఎత్తొద్దని మాత్రం చెప్పింది.

అప్పటినుంచి కొండబాబు లోకం చిన్నదవడం మొదలైంది. బస్సు మానేశాడు. సినిమా మానేశాడు. పెళ్లి భోజనాల్లో గుమ్మం దగ్గర ఆకు చూసుకుని కూర్చునేవాడు, పప్పు వచ్చేలోపు అవసరమైతే లేచిపోవడానికి. గౌరీసు షాపు ముందునుంచి వెళ్లాల్సి వస్తే సందులోంచి చుట్టు తిరిగి వెళ్లేవాడు. అది వచ్చినప్పుడు ఉండేది కాసేపే. వస్తుందేమో అనే భయం మాత్రం పొద్దున్న పళ్లు తోముకునేటప్పటినుంచి వాడి పక్కనే తిరిగేది. పైడితల్లికి ఒకరోజు వంట చేస్తుంటే హఠాత్తుగా తట్టింది, ఇంట్లో హారన్లు వినబడి చాలా రోజులైందని. కూర కలుపుతున్న గరిటె అలాగే పట్టుకుని కాసేపు నిలబడిపోయింది.

భయం పెరిగినట్టే జుట్టూ పెరిగింది. చెవులు మూసుకుంది, మెడ దిగింది. ఒక సాయంత్రం సుభద్రమ్మ గోడ అవతలినుంచి, మనవడికి ఈ జడ ఏమిటని అడిగింది. పిల్లాడు మంగలి కుర్చీకి భయపడుతున్నాడని జగ్గమ్మ ఎలా చెబుతుంది? నోటికి వచ్చింది చెప్పేసింది.

"మొక్కున్నాదమ్మా. సింహాద్రి అప్పన్నకి."

ఆ మొక్కు తెల్లారేసరికి వీధంతా తెలిసింది. సుభద్రమ్మ తన తరఫున ఒక కొబ్బరికాయ కొట్టమంది. ఎదురింటివాళ్లు ప్రసాదం తెమ్మని చెప్పారు. గౌరీసుకైతే ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లూ తన పనితనం నచ్చక కుర్రాడు రావడం లేదని ఆయన నిద్రపోలేదు పాపం. ఎవరు కనబడినా ఎప్పుడు వెళ్తున్నారు అని అడుగుతుంటే, జగ్గమ్మ పంచమి అని ఒకరికి, పున్నమి అని ఒకరికి చెప్పి తప్పించుకుంటూ వచ్చింది.

అప్పుడు సింహాచలం రాయపూర్ నుంచి దిగాడు. టీ కొట్టు దగ్గరే ఆయనకి మొక్కు సంగతి తెలిసింది. తన పేరున్న కొండ మీది దేవుడికే కొడుకు మొక్కుకున్నాడని ఉబ్బిపోయి ఇంటికి వచ్చాడు. వచ్చే నెలలో సెలవు పెట్టి, నలుగురూ కలిసి వెళ్దాం అన్నాడు. పైడితల్లి అత్తగారి వైపు చూసింది. జగ్గమ్మ గడియారం వైపు చూసింది. కొండబాబు మనసులో లెక్క వేసుకున్నాడు. బస్సు, కొండ మీద జనం, క్యూ, కత్తి. వాడు తప్పించుకు తిరుగుతున్నవన్నీ ఒకే ఊళ్లో ఉన్నాయి.

మర్నాడు లారీ ఇంటి ముందే ఆగి ఉంది. సింహాచలం క్యాబిన్ తుడుచుకుంటున్నాడు. కొండబాబు వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాడు. రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి. సెలూన్ నుంచి క్రికెట్ దాకా అంతా చెప్పాడు. అమ్మ ఎత్తొద్దన్న విజయనగరం డాక్టరమ్మ సంగతీ చెప్పాడు, మొక్కు లేదని, అది నాన్నమ్మ పుట్టించిందని కూడా చెప్పాడు. తండ్రి నవ్వుతాడనుకున్నాడు, లేకపోతే తిడతాడనుకున్నాడు. సింహాచలం గుడ్డ మడత పెట్టి, స్టీరింగ్ మీద వేసి, రోడ్డు వైపు చూస్తూ అడిగాడు.

"సేతులు తిమ్మిరెక్కుతాయేటి?"

"ఎక్కుతాయి."

"గాలి సాలదు. ఇప్పుడే అయిపోనాను అనిపిస్తాది."

కొండబాబు తండ్రి వైపు తిరిగాడు. "నీకేలగ తెలుసు?"

"ఓపాలి సుంకి కాడ, ఘాటీ ఎక్కుతంటే వచ్చింది. నువ్వప్పటికి పుట్టలేదు. బండి పక్కకి ఆపీసి దిగిపోనాను. కిలీనరు ఏటయింది గురూ అన్నాడు. ఏటి సెప్పాల? టైర్లు సూస్తన్నానన్నాను. రాడ్డు తీసి అన్నీ కొట్టాను. తగ్గలేదు. మల్లీ మొదటినుంచి కొట్టాను. అలగ తిరగ్గా తిరగ్గా తగ్గింది."

కొండబాబుకి అప్పుడు వెలిగింది. "అయితే ఇన్నేల్లూ టైర్లు..."

"టైర్లకేటీ అవ్వలేదురా. టైర్లు బాగానే ఉన్నాయి."

వాడికి నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చింది. బహుమానం గడియారం గుర్తొచ్చి ఇద్దరూ మళ్లీ నవ్వారు. ఆ తర్వాత కొండబాబు, మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"డ్రైవరికి బయ్యం ఉన్నాదంటే బండెవుడిస్తాడు?" అన్నాడు సింహాచలం. "నాను టైర్లు కొట్టుకుని గడిపీసినాను. నువ్వు అలగ కాకు. ఆ డాక్టరమ్మ కాడికి ఎల్దాం."

ఇంట్లో ఆ మాట చెబితే పైడితల్లి ఒప్పుకోలేదు. పిచ్చి డాక్టరు గుమ్మం ఎక్కితే పిల్లాడికి పిచ్చని ఊరంతా రాసేసుకుంటారంది, రేపు వాడికి పిల్లనెవరిస్తారంది. సింహాచలం వాదించలేదు. తను కూడా చూపించుకుంటానని, ఎందుకో కూడా చెప్పాడు. పైడితల్లి మొగుడిని చూసింది, కొడుకుని చూసింది, పీట లాక్కుని కూర్చుంది. ఒకరి గురించి కాబోలు అనుకుని ఏడవడానికి సిద్ధమైన మనిషికి ఇద్దరు తేలేసరికి ఏడుపు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి, దారిలో తినడానికి పులిహోర కలుపుతానని లేచింది.

విజయనగరంలో సరుకు ఎత్తే పని ఎలాగూ ఉంది కాబట్టి లారీలోనే వెళ్లారు. కొండబాబు తలుపు పక్కన కూర్చుని, గజపతినగరం దాటేదాకా హ్యాండిల్ మీద చెయ్యి తీయలేదు.

శ్రీలలిత గారు సన్నగా, కళ్లజోడుతో, కాలేజీలో లెక్చరర్లా ఉన్నారు. సంగీతం నేర్పేవాళ్ల ఇంట్లో పుట్టారట, మాటలో ఆ నెమ్మది ఉంది. తొందరపెట్టకుండా అంతా విన్నారు. ఆవిడ వింటున్న తీరు చూసి కొండబాబుకి ఉత్సాహం వచ్చి, తన గుండె ఎలా కొట్టుకుంటుందో నోటితో చేసి చూపించాడు. ఆవిడ నవ్వి, ఒక పని చేయమన్నారు. మేడ మెట్లు రెండుసార్లు గబగబా ఎక్కి దిగి రమ్మన్నారు. వాడు ఎక్కి దిగి, రొప్పుతూ వచ్చి కూర్చున్నాడు.

"గుండె ఎలా కొట్టుకుంటోంది?"

"దడదడలాడతంది."

"ఊపిరి?"

"అందట్లేదు."

"మరి చచ్చిపోతానని భయం వేస్తోందా?"

వాడు ఆలోచించాడు. "లేదండీ. మెట్లెక్కాను గదా."

"అంతే బాబూ. అప్పుడూ ఇదే గుండె, ఇదే దడ. ఇప్పుడు కారణం తెలిసింది కాబట్టి నువ్వు ఊరుకున్నావు. అప్పుడు కారణం కనబడక, చావు అని పేరు పెట్టావు."

తర్వాత ఆవిడ చెప్పింది వాడికి బాగా గుర్తుండిపోయింది. ప్రమాదం వస్తే పారిపోవడానికో, పోట్లాడడానికో ఒళ్లు సిద్ధమవుతుంది. ఒక్కోసారి ఏ ప్రమాదం లేకుండానే సిద్ధమైపోతుంది. అది ఎంత పెద్దగా వచ్చినా, ఒక ఎత్తుకి వెళ్లి దానంతటదే దిగుతుంది. కాని మనం మధ్యలో లేచి పరిగెడితే, పరిగెత్తడం వల్లే బతికామని ఒళ్లు నమ్ముతుంది. కుర్చీ మీద, బస్సు మీద అనవసరంగా నేరం మోపుతుంది. అందుకని ఈసారి వస్తే కూర్చునే ఉండు, ఊపిరి నెమ్మదిగా వదులు, వస్తే రానీ అనుకో అన్నారు. మానేసినవన్నీ కొంచెం కొంచెంగా మళ్లీ మొదలుపెట్టమన్నారు. పరీక్షల పేరుతో వాడు టీలు తాగి నిద్ర మానేస్తున్న సంగతి తెలుసుకుని, దానికి గట్టిగానే మందలించారు.

నాకే ఎందుకు వచ్చిందని కొండబాబు అడిగాడు. కొన్నిసార్లు కారణం దొరకదని, దొరక్కపోయినా తగ్గుతుందని ఆవిడ చెప్పారు. కొన్ని ఇళ్లలో ఒకరికంటే ఎక్కువమందికి ఉంటుందంటూ, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగారు. సింహాచలం పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. చూసి చూసి, టైర్ల సంగతి మొదలుపెట్టాడు.

తిరిగి వచ్చాక సాధన మొదలైంది. కొండబాబు గౌరీసు దగ్గరికి వెళ్లి, క్రాపు వద్దు, ఊరికే కుర్చీలో కూర్చుంటానని అడిగాడు. దాపరికం లేకుండా సంగతి చెప్పేశాడు. గౌరీసుకి సగం అర్థమైంది, ఆ సగమే చాలనుకున్నాడు. గిరాకీ లేని వేళ వాడిని కూర్చోబెట్టి, గుడ్డ కట్టి, ఖాళీ కత్తెర ఆడించేవాడు. మొదటిరోజు వాడు కూర్చున్నంత వేగంగా లేచిపోయాడు. తర్వాత్తర్వాత బావమరిది పెళ్లి కథ చివరిదాకా విన్నాడు. సాంబారు గొడవ రాజీ అయిందని వాడికి అప్పుడే తెలిసింది. బస్సు సాధనకి జగ్గమ్మ తోడు వచ్చేది. రామభద్రపురం దాకా వెళ్లి మజ్జిగ తాగి తిరిగి రావడం వాళ్ల పని. వాడి చేతులు చెమట పట్టినప్పుడల్లా ఆమె కండక్టరుతో ఏదో ఒక తగాదా పెట్టుకునేది. మనవడు ఆ తగాదా తీర్చే పనిలో తన గుండె సంగతి మరిచిపోతాడని ఆమె ఎత్తు. కొన్నిసార్లు పారింది. కొన్నిసార్లు ఇద్దరూ దారిలో దిగి నడిచారు.

ఇంక మొక్కు ఒకటి మిగిలింది. అబద్ధపు మొక్కు కదా, మానేద్దాం అంది పైడితల్లి. జగ్గమ్మ ససేమిరా అంది. అప్పన్న పేరు ఎత్తాక అది మొక్కే, ఎవరు పుట్టిస్తేనేం అంది. కొండబాబు వెళ్దామన్నాడు.

సింహాచలం కొండ మీద కేశఖండనశాలలో కుర్చీలు లేవు. కింద కూర్చుని తల వంచడమే. ఇన్నాళ్లూ కుర్చీకి సాధన చేస్తే ఇక్కడ కుర్చీయే లేదేమిటని కొండబాబు గొణుక్కున్నాడు. కూర్చున్నాడు. తల మీద నీళ్లు చల్లారు. కత్తి నుదుటినుంచి మొదలై కుడివైపు దిగింది. కుడివైపు అయిపోయి ఎడమవైపు మళ్లబోతుండగా అది వచ్చింది. వేళ్లు తిమ్మిరెక్కాయి, చెవుల్లో హోరు. వాడు చెయ్యెత్తి కొంచెం ఆగమన్నాడు.

"లెగకు బాబూ, సగమే అయింది," అన్నాడు కత్తి పట్టుకున్నాయన.

సగం అనే మాట వినగానే వాడి కాళ్లు పరుగుకి సిద్ధమయ్యాయి. తలుపు ఎక్కడుందో కళ్లు చూసేశాయి. ఊపిరి వదలాలి, నెమ్మదిగా వదలాలి అనుకుంటున్నాడు కాని, అది వాడి మాట వినడం లేదు.

అప్పుడు పక్కన ఏదో బరువుగా కూలబడిన చప్పుడైంది. చూస్తే జగ్గమ్మ. కొప్పు విప్పుకుని, కాళ్లు మడిచి, పక్కన ఖాళీగా ఉన్న ఇంకో కత్తి ఆయన ముందు తల వంచింది.

"నాకూ తియ్యి నాయనా."

పైడితల్లి కంగారుపడి, "నీకెందుకత్తా?" అంది.

"అప్పన్న పేరు సెప్పి అబద్దమాడింది నాను. గుంటడొక్కడూ బోడి అవ్వాలేటి?"

కొండబాబు వంచిన తల వంచినట్టే ఉంచి పక్కకి చూశాడు. జగ్గమ్మ కూడా అలాగే వాడిని చూసి కన్ను కొట్టింది. గుండె దడదడలాడుతూనే ఉంది, దాని మధ్యలోంచి నవ్వు వచ్చేసింది. నవ్వితే గాయమవుతుందని కత్తి ఆయన కసిరాడు. కొండబాబు పెదవి కొరుక్కుని కూర్చున్నాడు. దడ ఇంకా పైకి వెళ్లింది, ఇంతకంటే వెళ్లలేదనిపించే చోటికి వెళ్లింది, అక్కడ కాసేపు ఆగింది, తర్వాత మెల్లగా దిగడం మొదలైంది. అది దిగుతుండగా ఎడమవైపు జుట్టు ఒళ్లో పడింది. వాడు లేవలేదు. తనంతట తాను అది వెళ్లిపోవడం మొదటినుంచి చివరిదాకా కూర్చుని చూడడం వాడికి అదే మొదలు.

ఇద్దరికీ తలల నిండా గంధం రాశారు. జగ్గమ్మ బుర్ర ఇంత చిన్నదా అని అందరూ ఆశ్చర్యపోయారు.

దర్శనం క్యూ కటకటాల మధ్య మెలికలు తిరుగుతూ ఉంది. మధ్యలో ఎక్కడో అది ఆగిపోయింది. వెనకనుంచి జనం, ముందునుంచి జనం. కొండబాబుకి ఏమీ కాలేదు. కాని ముందున్న తండ్రి మెడ మీద చెమట కారడం, చేతులు కటకటాన్ని గట్టిగా పట్టుకోవడం చూశాడు. వాడికి తెలియని చెమట కాదది. ముందుకి జరిగి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఇక్కడ టైర్లు లేవు నాన్నా," అన్నాడు చెవిలో. "నిలబడే ఉండు. వస్తాది, పోతాది. ఊపిరి మెల్లగా ఒదులు."

సింహాచలం కొడుకు గుండు వైపు చూశాడు. ఊపిరి వదిలాడు, మళ్లీ తీసుకున్నాడు. క్యూ కదిలేదాకా ఇద్దరూ అలా చేతులు పట్టుకునే నిలబడ్డారు. వెనకున్నవాళ్లు తండ్రీకొడుకుల భక్తి చూసి ముచ్చటపడ్డారు.

ఇది జరిగి మూడేళ్లు కావస్తోంది. కొండబాబు ఇంటర్ గట్టెక్కాడు. కెమిస్ట్రీలో మార్కులు తక్కువొస్తే ఆ నెపం జబ్బు మీద పెట్టబోయాడు గాని ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. ఇప్పుడు విజయనగరంలో డిగ్రీ చదువుతున్నాడు, రోజూ బస్సు మీద వెళ్లి వస్తాడు. శ్రీలలిత గారి దగ్గరికి వెళ్లడం తగ్గింది, అవసరమైతే తండ్రీకొడుకులు కలిసే వెళ్తారు. పైడితల్లి ఇప్పుడు తనంతట తానే నలుగురికీ ఆవిడ పేరు చెబుతోంది. ఇద్దరిని తీసుకెళ్తే మంచిదని కూడా చెబుతోంది.

అది పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. మొన్న సాయంత్రం కాలేజీనుంచి వస్తుంటే బస్సు కిక్కిరిసి ఉంది, కిటికీలు వానకి మూసేశారు, మనిషికి గాలాడలేదు. చాలాసేపు ఓర్చుకున్నాడు. చివరికి గజపతినగరంలో దిగిపోయాడు. దిగినందుకు ఇదివరకులా తనని తాను తిట్టుకోలేదు. షెడ్డు కింద నిలబడి తల్లికి ఫోన్ చేసి, ఒక బస్సు ఆలస్యమవుతుందని చెప్పాడు. ఆవిడ ఎందుకని అడగలేదు, అక్కడ పకోడీలు బాగుంటాయి, ఇంటికి కూడా తెమ్మంది. పొట్లం కట్టించుకునే సరికి తరువాతి బస్సు వచ్చింది. అది ముందరిదానికంటే కిక్కిరిసి ఉంది. కొండబాబు పొట్లం తడవకుండా చొక్కా కింద పెట్టుకుని ఎక్కాడు.